చివరి ఇంటి మందారం

“మగ్గేది?” బాత్రూమ్ తలుపు సందులోంచి భర్త కేకేశాడు.

“షికారుకెళ్ళి ఉంటుంది,” అంది అత్తగారు. “ఈ ఇంట్లో మగ్గుకీ చీపురుకీ ఉన్నపాటి తిరుగుడు నాకు లేదు.”

“కుండీలకి సున్నం వెయ్యడానికి తీసుకెళ్ళానత్తయ్యా. అందమైన వీధుల పోటీకి మార్కులేసేవాళ్ళు వచ్చేది ఇవాళే కదా.” ఆమె వాకిట్లోంచి మగ్గు తెచ్చి సందులోంచి అందించింది.

“సున్నమంటావు, అడుగున మట్టి ఉందేంటి?”

“వీధన్నాక మట్టి ఉండదా? కడుక్కోండి.”

“ఈ వారమంతా ఇదే వరస. ఇంకో మగ్గు కొనరాదూ?”

“కొంటానని పోయిన వారం అన్నది మీరే.”

అద్దం ముందు జడ వేసుకుంటున్న కూతురు నవ్వింది. అంతటితో ఆ గొడవ ఆగింది.

వీధిలో ఆమెని అందరూ మొక్కల మేడమ్ అంటారు. చెత్తకుప్పల వీధిని మూడేళ్ళలో మార్చింది ఆమే. ముప్ఫై రెండిళ్ళు, ప్రతి గేటు ముందూ కుండీలో ఒక మొక్క. ఎవరి మొక్కకి వాళ్ళే నీళ్ళు పోసుకోవాలి. రోజూ సాయంత్రం ఆరింటికి, మలుపులో కొట్టున్న దర్జీ వీధి పొడుగునా నడిచి, ప్రతి కుండీలో వేలు పెట్టి చూసి, పుస్తకంలో ‘తడి’ అనో ‘పొడి’ అనో రాస్తాడు. పొడిగా ఉంటే ఆ ఇంటి బెల్లు కొట్టి మనిషిని పలకరించాలి. ఒంటరిగా ఉండే ముసలివాళ్ళు ఏడుగురున్న వీధి అది. ఆ నియమం పెట్టిందీ ఆమే. పోయినేడు మెకానిక్ తండ్రి జారిపడినప్పుడు, కుండీ పొడిగా ఉండబట్టే గంటలో ఆస్పత్రికి చేరి బతికాడు.

“ఒక్క మొక్క వాడినా ఈసారీ మనకి రెండో స్థానమే,” అని వారం నుంచీ ఆమె ఇంటింటికీ చెబుతూనే ఉంది. ఏ మొక్కా వాడలేదు.

పదింటికి పోటీవాళ్ళు ఇద్దరొచ్చారు. గోడల మీద బొమ్మలు చూశారు, ఎరువు గుంటలోకి తొంగి చూశారు. చివరి ఇంటి ముందు మందారం దగ్గర ఆగిపోయారు. ఏడు పూలు పూసి ఉంది.

“ఎవరిదండీ ఇది? వారితో ఒక ఫొటో తీసుకుంటాం.”

“మా టీచరమ్మది. ఒక్కరే ఉంటారు,” అంటూ రిటైరైన గుమాస్తా బెల్లు నొక్కాడు. మళ్ళీ నొక్కాడు. “కాస్త చెవుడు లెండి.”

దర్జీ పెరటి వైపు వెళ్ళి వంటింటి కిటికీలోంచి చూశాడు. తిరిగొచ్చి గేటు దగ్గర చతికిలబడ్డాడు.

తలుపు పగలగొట్టాక డాక్టరొచ్చాడు. “తుంటి విరిగింది. పడి నాలుగు రోజులైంది. ప్రాణం మాత్రం రాత్రే పోయినట్టుంది.” గొంతు తగ్గించాడు. “దెబ్బకి పోలేదు. నీళ్ళు లేక పోయింది.”

సాయంత్రం వీధి గ్రంథాలయం గదిలో అందరూ కూడారు. గుమాస్తా పుస్తకం తెరిచి పట్టుకున్నాడు.

“చివరి ఇల్లు. సోమవారం తడి, మంగళవారం తడి, బుధ తడి, గురు తడి. పడున్న మనిషి లేచొచ్చి నీళ్ళు పోసిందా నాయనా?”

“తడిగానే ఉందండీ. వేలు పెట్టి చూశాను,” అన్నాడు దర్జీ.

“ఉండే ఉంటుంది. నువ్వే ఇన్ని నీళ్ళు పోసుంటావు. చెవిటావిడని పిలిచి, ఆవిడ వచ్చేదాకా నిలబడి, కబుర్లు వినాలంటే అరగంట. బడి యూనిఫారాలు గుట్టలు పడున్నాయి నీ దగ్గర. అవునా?”

“బిడ్డల మీద ఒట్టు. నేను పొయ్యలేదు.”

“మరి దెయ్యం పోసిందా?” అంది వెనకనుంచి ఎవరి ఇల్లాలో.

మొక్కల మేడమ్ దర్జీ వైపు తిరిగింది. “మీరు వెళ్ళేసరికే తడిగా ఉందా?” అనడిగింది.

“ఉందమ్మా. నాలుగు రోజులూ.”

ఆమె గుమాస్తా చేతిలోంచి పుస్తకం తీసుకుని ఆ పేజీ కేసే చూస్తూ కూర్చుంది.

“టీచరమ్మ తమ్ముడు రేపొస్తున్నాడు,” అన్నాడు గుమాస్తా. “జరిగింది మీ చేత్తో రాసి సంతకం పెట్టివ్వండి మేడమ్. ఆయన పోలీసులకిస్తాడో ఏం చేస్తాడో ఆయనిష్టం. వీధి పరువు మాత్రం ఇతని వల్ల పోకూడదు.”

చీకటి పడేలోగా నలుగురు కొట్టుకెళ్ళి కుట్టని బట్టలు వెనక్కి తెచ్చేసుకున్నారు. దర్జీ అడ్డం చెప్పకుండా ఒక్కొక్కటీ మడిచి ఇచ్చాడట. కూతురు చూసొచ్చి చెప్పింది.

కంచాల ముందు కూర్చున్నాక అత్తగారే కదిపింది. “నాకు మాత్రం వాడు అబద్ధమాడేవాడిలా కనపడడే.”

“కనపడేదేముందమ్మా, పుస్తకంలోనే ఉంది,” అన్నాడు భర్త. భార్య వైపు తిరిగాడు. “నువ్వేం మొహమాటపడకు. వాడి పేరు రాసి చేతులు దులుపుకో. లేకపోతే రేపు నీ మెడకే చుట్టుకుంటుంది.”

“రాసేశాను. పొద్దున నేనే ఆయనకిస్తాను. అటునుంచి స్టేషన్‌కీ వెళతాను.”

“స్టేషన్‌కి నువ్వెందుకు? దర్జీ పేరు రాశావా లేదా?”

“లేదు.”

“నాకు తెలుసు. పెద్దరికానికి పోయి వాడి పాపం నెత్తినేసుకుంటున్నావు. వాడి మీద జాలిపడితే పోయినావిడ తిరిగొస్తుందా?”

అత్తగారు ముద్ద కలపడం ఆపింది. కూతురు తల్లి మొహంలోకి చూసింది. ఆమె కంచం పక్కకి జరిపింది.

“మందారానికి నీళ్ళు పోసింది నేను.”