వాగు గడ్డి వద్దు

మంజీర పొంగి హత్నూర వైపు పొలాలన్నీ మునిగిన ఏడు అది. నీళ్లు తీసిన పదో నాటికి వాగొడ్డున పచ్చగడ్డి జానెడు లేచింది. పశువులన్నీ అటే గుంజుతున్నాయి. ఆ దారికి అడ్డంగా చిన్నరాములు కర్ర పట్టుకొని నిలబడ్డాడు.

"జెర జరుగు కాకా," అంది భవాని. ఆమె చేతిలో చూడి బర్రె పలుపు. "పది దినాల్ల ఈనేది ఇది. ఇంట్ల గడ్డంత వరదకు కుళ్లిపాయె. ఉత్త కుడితి మీద ఎన్నాళ్లుంటది?"

"వాగు గడ్డి వద్దు."

"ఎందుకొద్దు?"

"వానల ఏదో కంపెనీ నీళ్లు కలిసినయ్. గడ్డి విషం."

"నీకెవలు చెప్పిన్రు?"

"వాసన."

వెనకే సోమయ్య రెండు కోడెలతో వచ్చాడు. ఆయనా చిన్నరాములూ ఒక ఈడువాళ్లు.

"ఏందిరా, పట్వారీ లెక్క అడ్డం నిలవడ్డవ్? వాగు నీ అయ్యదా?"

"గడ్డి కావాల్నంటే నా ఇంటి మీదుంది. తీసుకపో."

సోమయ్య పకపకా నవ్వాడు. "ఇన్నవా భవానీ? పరక అడిగితే పండ్లు కొరికేటోడు, ఇయ్యాల గడ్డి పంచుతడట!"

చిన్నరాములు నవ్వలేదు. ఇంటికి పోయి డాబా ఎక్కాడు. యాసంగి వరి కోసినప్పుడు మిషన్‌తో కట్టించిన అరవై గడ్డి చుట్టలు అక్కడ తాడిపత్రి పట్టా కింద పొడిగా ఉన్నాయి. ఒక్కొక్కటే కిందికి దొర్లించాడు. పన్నెండు ఇళ్ల ముందుకూ తన్నుకుంటూ తీసుకుపోయాడు.

భవాని చుట్టను విప్పకుండానే బర్రె ముందు పడేసింది. అది వాసన చూసి మొహం తిప్పుకుంది.

"సూసినవా? మిషన్ గడ్డి ముట్టదు ఇది."

"అట్ల ఏస్తరా? సుతిలి మింగితే పేగులకు సుట్టుకుంటది." చిన్నరాములు కూర్చొని చుట్టకున్న సుతిలి తాడు కోసి, ఒక్క పోగు మిగలకుండా లాగాడు. గడ్డి విప్పి దుమ్ము దులిపాడు. బెల్లం, ఉప్పు కలిపిన నీళ్లు చిలకరించాడు. పిడికెడు తీసి బర్రె మూతి దగ్గర పట్టాడు. అది తల విదిలించింది. మళ్లీ పట్టాడు. పొద్దు నడినెత్తికి వచ్చింది.

"డ్యూటీకి పోవా కాకా? గేటు కాడ ఎవలున్నరు?"

"పోను."

"కంపెనోళ్లు తీసేస్తరు గద!"

"తియ్యని."

అప్పుడు బర్రె నాలుక చాపి ఒక పోచ లాక్కుంది. తర్వాత ఇంకొకటి.

సోమయ్య మాత్రం వినలేదు. మర్నాడు తెల్లారకముందే కోడెలను వాగుకు తోలాడు. మధ్యాహ్నానికి ఒకటి నురుగు కక్కి పడిపోయింది. సోమయ్య దాని మెడ మీద చేయి వేసి కూర్చున్నాడు.

"ఆ నీళ్లు ఇడిసినోని చెయ్యి ఇరగ! వాని కొంప కూల!"

చిన్నరాములు రెండో కోడె ముందు చుట్ట విప్పి వేశాడు.

ఆ రోజు నుంచి ఎవరూ పలుపు విప్పలేదు. కంపెనీ నుంచి పెద్ద కారులో ఇద్దరు వచ్చి, తమ ట్యాంకు వరదకు దానంతట అదే పొంగిందని, ఎవరి తప్పూ లేదని చెప్పి పోయారు.

అయిదో నాటికి చుట్టలు అయిపోయాయి. చిన్నరాములు రుద్రారం పోయాడు. అక్కడ సూర్యారావుకు తోట, మెరక మీద పెద్ద గడ్డి షెడ్డు ఉన్నాయి. రాజమండ్రి నుంచి ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడిన మనిషి.

"మీకెన్ని పశువులండీ?" అని అడిగాడు సూర్యారావు.

"రెండెడ్లు."

"రెండెద్దులకి రెండొందల చుట్టలా? హోటలేమైనా పెడతారా?"

"ఊరికి సారూ. బదులు నీ తోట సుట్టు కంచె నేను కడ్త. ఒక్కణ్నే కడ్త."

"ఈ వయసులోనా?"

"కడ్త."

సూర్యారావు ఆయన చేతులకేసి చూశాడు. సుతిలి కోసుకుపోయి వేళ్లన్నీ పగిలి ఉన్నాయి. "కంచె సంగతి తర్వాత. ముందు ట్రాక్టరు తెచ్చుకోండి," అన్నాడు.

మరో పది రోజులు చిన్నరాములు పన్నెండు ఇళ్ల చుట్టలూ తానే విప్పాడు. ఇంకెవరు విప్పబోయినా ఊరుకోలేదు. పశువుల డాక్టరు వచ్చి వాగొడ్డు గడ్డి చెక్కించి కాల్పించాడు. సర్కారు గడ్డి లారీ దిగింది. భవాని బర్రె దుడ్డెను ఈనింది.

భవాని జున్ను తెచ్చి, కాళ్లు మొక్కబోయింది. ఆయన కాళ్లు వెనక్కి లాక్కున్నాడు.

"నువ్వు లేకుంటే ఊర్ల ఒక్క గొడ్డు మిగలకపోవు కాకా."

"గట్లనకు బిడ్డా."

"ఎందుకనొద్దురా?" అన్నాడు సోమయ్య. "రేపు పొద్దుగాల పంచాయతి కాడ నీకు శాలువ కప్పుతున్నం. తలకు నూనె రాసుకొని రా."

"వద్దు."

"సిగ్గువడకు. పెండ్లినాడు గూడ గిట్లనే చేసినవ్."

మరునాడు పొద్దున చిన్నరాములు పంచాయతీ ముందు నుంచే నడిచి, ఆగకుండా ఠాణాకు పోయాడు.

వాన రాత్రి డ్యూటీలో ట్యాంకు తూము తెరిచి, వాగులోకి కంపెనీ నీళ్లు వదిలింది తానేనని చెప్పాడు.