విస్సాగారి దిమ్మ

"మీట నొక్కు సబ్రీ బాబాయ్," అంది రధ్వా. "దిమ్మ పోసి ఇవాళ్టికి ఏడాది. ఈ అంకె లేకపోతే నా థీసిస్ తీసుకోరు."

కైరోలోని ఆ ప్రైవేటు యూనివర్సిటీ ఇంజనీరింగ్ ల్యాబులో కాంక్రీటు దిమ్మలను యంత్రంలో పెట్టి పగలగొట్టడమే సబ్రీ ఉద్యోగం. అయితే ఇది రధ్వా గైడు డాక్టర్ విస్సా స్వయంగా పోసిన దిమ్మ. ఆయన జబ్బు చేసి పోయి మూడు నెలలైంది.

"ఆయన చేత్తో చేసింది ఇదొక్కటే మిగిలిందమ్మా."

"పగలగొట్టడానికే కదా పోశారు!"

దిమ్మ ఎంత బరువుకు పగులుతుందో పోసిన రోజే విస్సా, సబ్రీ ఇద్దరూ చీటీలు రాసి డబ్బాలో వేసేవారు. ఓడినవాడు బస్బూసా మిఠాయి తేవాలి. పదకొండేళ్లుగా సబ్రీయే తెస్తున్నాడు.

సబ్రీ మీట నొక్కాడు. తొంభై నాలుగు టన్నుల దగ్గర దిమ్మ పగిలింది.

రధ్వా చీటీలు విప్పింది. "నువ్వు నూటపది రాశావు బాబాయ్. చాలా దూరం."

"అలవాటే. ఆయనో?"

"'ఈసారి సబ్రీ ఎంతంటే అంతే' అని రాశారు."

సబ్రీ కళ్లద్దాలు తుడుచుకుని చీటీ తానే చదివాడు. ఈ రోజుకి తాను ఉండనని ఆయనకు ఏడాది కిందటే తెలుసన్నమాట.

"అయితే ఆయనా నీతోపాటే ఓడారు," అంది రధ్వా మెల్లగా.

"ఓడటం బొత్తిగా చేతకాదమ్మా ఆయనకి," అన్నాడు సబ్రీ. "నన్నడిగితే నేర్పేవాణ్ణి."