తోలు సీటు

"ఈ సీటు ఎక్కడ దొరికిందండీ, నరహరిగారూ?"

డాక్టర్ మురళీకృష్ణ ఆ మాట అడగ్గానే నరహరి తుడిచిన పానానే మళ్లీ తుడవసాగాడు. సూరత్ లింబాయత్‌లో ఇరవై ఏళ్లుగా సైకిళ్లు బాగుచేస్తున్నవాడు. బ్రేకు గురించో చైను గురించో అడిగితే గంటసేపు చెబుతాడు. సీటు గురించి మాత్రం అడక్కూడదు.

"కిమ్ ఊర్ల సార్. ఓ తుక్కు దుకాణంల," అన్నాడు నేల చూపులు చూస్తూ.

డాక్టరు నమ్మేశాడు. స్టాండు వేసిన తన సైకిలెక్కి కూర్చుని చిన్నపిల్లాడిలా పెడళ్లు తొక్కుతున్నాడు. ఎవరో పార్సీల ఇంట్లో మెట్ల కింద దొరికిన డెబ్బై ఏళ్లనాటి సైకిలది. ఆదివారం పాత సైకిళ్ల ప్రదర్శనకు పోవాలి. అక్కడ ప్రతి సామానూ ఆ కాలానిదే అయ్యుండాలి. గంట, డైనమో, చైను కవరు, అన్నీ నరహరి సూరత్ అంతా గాలించి తెచ్చాడు. నిజాయితీగానే తెచ్చాడు. సీటు ఒక్కటే దొరకలేదు.

"సైకిలు పక్కన బోర్డు పెడతారండీ. దాని మీద మీ పేరు కూడా రాయిస్తున్నాను. బాగుచేసినవారు నరహరి, లింబాయత్ అని."

ఆ పేరు కోసమే నరహరి గడ్డి తిన్నాడు. మూడు రోజుల కిందట మగ్గం పనిచేసే ముసలి సోమలింగం బ్రేకులు చూడమని తన పాత సైకిలు ఇక్కడ వదిలి, షేర్ ఆటోలో ఉధ్నాలోని మగ్గాల షెడ్డుకు పోయాడు. నరహరి దానికున్న ఆ కాలంనాటి తోలు సీటు విప్పి, కొత్త సీటు బిగించి, సైకిలు బయట నిలబెట్టి, ఆయన వచ్చి తీసుకుపోయే వేళకు చాయ్‌కు పోయాడు. అడిగితే ముసలాయన ఇవ్వనంటాడేమోనని అడగలేదు. పాతదానికి కొత్తది, ఆయనకే లాభం కదా అని మనసుకు నచ్చజెప్పుకున్నాడు. మనసు వినలేదు. ఆనాటి నుంచీ సోమలింగం షిఫ్టు దిగే వేళకు షట్టర్ దించేసి లోపల దొంగలా నక్కి కూర్చుంటున్నాడు.

ఇవాళ డాక్టరు సరిగ్గా ఆ వేళకే వచ్చాడు.

"నరహరీ!"

వాకిట్లో సోమలింగం సైకిలు పట్టుకుని నిలబడ్డాడు. చొక్కా నిండా నూలు పింజలు.

"ఏందిరా, మూడొద్దుల సంది ఎప్పుడొచ్చినా దుకాణం బందే ఉంటుంది? నా సీటు సంగతి మాట్లాడాలె."

"రేపు మాట్లాడుదాం మామా. జర సారు పనిల ఉన్న." తన గొంతు తనకే అసహ్యంగా వినిపించింది.

"రేపటిదాంక ఆగేది కాదురా. నాకు నిద్ర వడ్తలేదు."

పెద్దాయన నిలబడి ఉంటే తను కూర్చోవడం బాగుండదని డాక్టరు సైకిలు దిగాడు. "రండి పెద్దాయనా, కూర్చోండి" అంటూ స్టూలు జరిపాడు.

తోలు సీటు బయటపడింది. సోమలింగం చూపు దాని మీదే ఆగింది. దగ్గరికొచ్చి వంగి, చిరుగు దగ్గర మగ్గం నూలుతో తను వేసుకున్న కుట్లను వేలితో తడిమాడు.

నరహరి సిగ్గుతో చచ్చిపోయాడు. నేల విచ్చుకుంటే అందులోకి దిగిపోయేవాడే. "మామా..." అన్నాడు. ఒప్పుకుందామనే నోరు తెరిచాడు, పాపం.

ముసలాయన అతని వంక చూడనైనా లేదు. డాక్టరు వైపు తిరిగి రెండు చేతులూ జోడించాడు.

"మాఫ్ చెయ్యిండి సారూ, పొరపాటున మీ కొత్త సీటు నా సైకిలుకొచ్చింది, నా చినిగినది మీకొచ్చింది. పరాయోళ్ల సొమ్మని ఒక్కసారి గూడ దాని మీద కూసోలేదు, ఉధ్నాదాంక నడుసుకుంటనే పోయొస్తున్న. మా నరహరిని ఏమనకుండ్రి సారూ, మంచోడు."