కొట్టేసిన వరుస

“ఏమయ్యా, చెయ్యి తియ్యి!”

సౌందరరాజ అరుపుకు చుక్కాని దగ్గరున్న సరంగు కరుప్పసామి కూడా ఉలిక్కిపడ్డాడు.

చెయ్యి తీసినవాడు ఒక ముసలాయన. పొద్దున్నే మంచినీళ్ళ కుండలతో పాటు పాంబన్ గట్టు నుంచి పడవెక్కాడు. ముతక పంచె, చంకలో చిన్న మూట. కుడిచేతి రెండు వేళ్ళకు గోళ్ళే లేవు.

“నా బ్యాటరీని ఏం చేస్తా ఉండావు?”

“ఊరికే చూస్తా ఉండాను సామీ. మాది తిరుమంగళం. కడలి అడుగున తంతి ఎట్ల పోతుందో చూస్తామని వచ్చినాను.”

“చూసేది కంటితో. చేత్తో కాదు.”

ముసలాయన నవ్వి పక్కకు జరిగాడు.

సౌందరరాజకు నవ్వే తీరిక ఎక్కడిది! తంతి కొత్తగా వచ్చిన కుంపిణీ రోజులవి. సముద్రం అడుగున వేసిన తీగకు ఒక కొన గట్టున ఉంది, రెండో కొన ఈ తెరచాప పడవలో ఉంది. గడియకొకసారి ఇక్కడ మీట నొక్కితే అక్కడ ముల్లు కదలాలి. కదిలితే గట్టున తెల్లజెండా ఎత్తుతారు. వరుసగా మూడుసార్లు కదలలేదో, తీగ నీళ్ళలో తెగిందని లెక్క. గట్టునున్న తంతి దొర అక్కడికక్కడే నరికించేస్తాడు.

దాంతో సౌందరరాజ ఉద్యోగమూ సరి. రాజుల పిల్లవాడు బ్యాటరీ జాడీలు మోసే పనికి పోతాడా అని అన్నలు గడపకు అడ్డం నిలబడితే, వాళ్ళను తోసుకుని వచ్చినవాడు. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని తిరిగిపోతాడు?

అతనికి పని నేర్పింది మనిషి కాదు, ఒక పుస్తకం. మదురై తంతి ఆఫీసులో చేతులు మారుతూ వచ్చిన చేతిరాత పుస్తకం. రాసినవాళ్ళ పేరు లేదు. ఏడాదిగా పొద్దున లేస్తూనే దాన్ని కళ్ళకద్దుకుంటున్నాడు. అందులో ఒక్క వరుస మాత్రం తలాతోకా లేదని తనే సిరాతో కొట్టేశాడు.

బ్యాటరీ పెట్టెలోని పన్నెండు జాడీల రాగి అతుకులనూ, ఇంట్లో ఆడవాళ్ళు చెంబులు తోమినట్టు, చింతపండుతో తోమి మెరిపించాడు. అయినా కుదురుగా కూర్చోలేకపోయాడు. లేచేవాడు. గట్టు వైపు చూసేవాడు. మళ్ళీ అతుకులు లెక్కపెట్టేవాడు.

మొదటిసారి నొక్కాడు. తెల్లజెండా లేచింది.

రెండోసారీ లేచింది.

గాలి మళ్ళింది. అలల తుంపర పెట్టె మీద పడసాగింది. జెండా మీంచి చూపు తిప్పేసరికి ముసలాయన మళ్ళీ పెట్టె దగ్గరే ఉన్నాడు. మెరిసే రాగి కనబడలేదు. అతుకులన్నీ మసకగా, జిడ్డుగా ఉన్నాయి.

“ఏందది?”

“కళింబు సామీ.”

సౌందరరాజ ఒక్క గంతులో పెట్టె దగ్గరికి వచ్చాడు. మదురైవైపు మన తెలుగులో కళింబంటే రాగికి పట్టే పచ్చ చిలుము. అది పట్టిందంటే తంతి చచ్చినట్టే.

“నీ పాడుచెయ్యి తగిలి నా రాగికి కళింబు పట్టిందా!”

“అయ్యో, అది కాదు సామీ, ఈ కళింబు వేరే...”

“నోరు ముయ్యి! గోళ్ళూడిన చేత్తో తాకవద్దని అప్పుడే చెప్తిని కదా!”

జిడ్డంతా గుడ్డతో తుడిచేశాడు. చింతపండుతో మళ్ళీ తోమాడు. ఖాళీ కుండలు తీసుకుపోయే చిన్న పడవలోకి ముసలాయనను దింపించేదాకా ఊరుకోలేదు.

ఆ పడవ కొంత దూరం పోయాక ముసలాయన లేచి నిలబడి, నోటికి రెండువైపులా చేతులు పెట్టుకుని ఏదో అరిచాడు. గాలి ఎత్తుకుపోగా మిగిలింది ఒక్క మాటే, అదీ రెండుసార్లు. కళింబు, కళింబు.

“ఇంకా అదే పాట! పీడ వదిలింది,” అన్నాడు సౌందరరాజ.

మూడోసారి తెల్లజెండా లేచింది.

నాలుగోసారి లేవలేదు.

వంగి చూశాడు. అతుకులన్నిటికీ పచ్చగా పూసింది. గబగబా తోమాడు. తోముతుండగానే తుంపర పడింది.

ఐదోసారీ లేవలేదు.

వేళ్ళు నెత్తురు కారేలా గీకాడు. దేవుళ్ళందరికీ మొక్కాడు. మీటను పదేపదే నొక్కాడు.

ఆరోసారి లేచింది ఎర్రజెండా. గట్టున తీగ నరికేశారు.

సౌందరరాజ పెట్టె పక్కనే చతికిలబడ్డాడు. చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు.

చాలాసేపటికి కరుప్పసామి ఒక ఆకు పొట్లం తెచ్చి ముందు పెట్టాడు.

“ఆ పెద్దాయన విడిచిపెట్టి పోయినాడు సామీ. మైనంలో ఆముదం కాచినట్టుండాది. పుండుకు పూస్తామే, ఆ మాదిరి కళింబు.”

“ఏమంటివి?”

“కళింబు సామీ. పుండుకు పూసే మందు. మేము కూడా పడవ మేకులకు పూస్తామే, ఉప్పు తినకుండా.”

మందూ కళింబే. చిలుమూ కళింబే. పుట్టినప్పటి నుంచీ రెండూ అన్న నోరే అతనిది.

పుస్తకం తెరిచాడు. తను కొట్టేసిన వరుస సిరా కింద ఇంకా కనబడుతోంది.

“అతుకులకు కళింబు ఉంటే కళింబు రాదు.”

గాలి ఎత్తుకుపోయిన మాట ఇదే. గభాలున మొదటి పుట తిప్పాడు. నూరుసార్లు చదివిందే, ఇప్పుడు మళ్ళీ చదివాడు.

“జాడీలో ద్రావకాన్ని చేత్తో తాకవద్దు. నా కుడిచేతి రెండు గోళ్ళు అట్లనే పోయినవి.”

ఏడాదిగా తాను కళ్ళకద్దుకుంటున్న పుస్తకం రాసిన చేతినే, చెయ్యి తియ్యమని అరిచి ఈ పొద్దున పడవలోంచి దింపేశాడు.