నేలదే తప్పు

"మళ్ళీ నడిచింది దార్దో గారూ," అంది నేలిదా, తలుపు పూర్తిగా తెరవకముందే. "ఈసారి పక్క అలమరను గుద్దింది. కింది అంతస్తు ముసలాయన చీపురు కర్రతో పైకప్పు పొడిచాడు."

దార్దో తడిసిన గొడుగు గుమ్మం బయట ఆనించి వంటింట్లోకి వెళ్ళాడు. గట్టు కింద, చెక్క తలుపు వెనక తను బిగించిన వాషింగ్ మెషీన్ ఏమీ ఎరగనట్టు కూర్చుని ఉంది. దానికోసం రావడం ఇది మూడోసారి. నేల వంకరదే, కిటికీ వైపు వాలు, గోడ దగ్గర గుంట. అయినా ఇంతకన్నా వంకర నేలల మీద అతను బిగించినవి మోంతెవిదేయో నగరంలో ఏళ్ళ తరబడి కదలకుండా తిరుగుతున్నాయి. చెయ్యి పట్టు తప్పుతోందేమోనన్న దిగులు బస్సులో వస్తున్నంతసేపూ అతన్ని తొలిచింది.

"ఇవాళ కూడా నిలవకపోతే ఇంకెవరినైనా పిలుచుకోండి," అన్నాడు. "మీ ఇంటి మీద నేను పని నేర్చుకోకూడదు."

పిండి పిసుకుతున్న నేలిదా చేతులు ఆగాయి. "ఎవరో ఎందుకండీ? నేలదే తప్పు. ఈ ఇంట్లో నిమ్మకాయ జారిందంటే కిటికీ గోడ దాకా పోయిగానీ ఆగదు."

వాన రోజు కదా, ఆ ఊరి అలవాటు ప్రకారం రొట్టెలు వేయించడానికి పొయ్యి మీద నూనె కాగుతోంది. భర్త పోయిన మనిషి, ఒక్కతే ఉంటుంది, అయినా పిండి ఇద్దరికి సరిపడా కలిపింది. దార్దో అది చూడకపోలేదు. అతనూ ఒక్కడే, అతనింట్లో వాన రోజున రొట్టెలు వేగి మూడేళ్ళయింది.

అతను నేల మీద బోర్లా పడుకుని టార్చి వేశాడు. మూడు కాళ్ళ నట్లు బిగువుగానే ఉన్నాయి. ముందు కాలిది మాత్రం బాగా వెనక్కి తిరిగి ఉంది. అదురుకు ఒక్కటే అంత వదులవదు. దానికి సరిపడే చిన్న పానా మొదటిసారి వచ్చినప్పుడే ఎక్కడో పోయింది. పెద్దదాంతో అవస్థపడి బిగించాడు. రసమట్టంలో బుడగ మధ్యకు వచ్చి నిలిచింది. గట్టు మీద నిండు గ్లాసు పెట్టి మెషీన్ తిప్పితే, అది ఎంత హోరెత్తినా గ్లాసులో నీళ్ళు తొణకలేదు.

ఇక రానక్కర్లేదు. గెలిచిన పని అంత బరువుగా అతనికి ఎప్పుడూ అనిపించలేదు.

"సంతోషం," అంది నేలిదా, సంతోషం లేకుండా. టీలా వేడినీళ్ళు పోసుకుని తాగే మాతే ఆకు కషాయం తాగి వెళ్ళమంది. తన చేతులకు పిండి ఉందని, పీల్చే గొట్టం సొరుగులో ఉంటుందని చెప్పింది. అంతలోనే గతుక్కుమని, "ఆగండి, నేనే తీస్తాను" అంది.

అప్పటికే అతను సొరుగు లాగాడు. చెంచాల పక్కన అతని చిన్న పానా ఉంది, శుభ్రంగా కడిగి, తుడిచి.

నేలిదా పొయ్యి వైపు తిరిగి, తిప్పనక్కర్లేని రొట్టెను తిప్పింది. మెడ దాకా ఎర్రబడింది. దార్దో గొట్టం తీసుకుని, చప్పుడు కాకుండా సొరుగు మూశాడు.

ఒకే సొరకాయ బుర్రలో మాతే వంతులవారీగా తాగారు. చాలనుకున్నవాళ్ళు బుర్ర తిరిగిస్తూ థాంక్స్ అంటారు, ఆ మాట వింటే ఇక పోయరు. దార్దో ఆ మాట అనలేదు. ఆమె పోస్తూనే ఉంది. ఫ్లాస్కులో వేడినీళ్ళు అయిపోతే మళ్ళీ కాచింది.

బయట వాన తెరిపిచ్చాక అతను సంచీ భుజాన వేసుకున్నాడు. నేలిదా తల వంచుకుని సొరుగు తెరిచి, పానా అతని ముందు పెట్టింది. దార్దో దాన్ని అందుకుని, ఒకసారి తిప్పి చూసి, మళ్ళీ చెంచాల పక్కనే పెట్టాడు.

"నట్టు పావు తిప్పు చాలు," అన్నాడు. "అంతకన్నా వదిలితే ముసలాయన పైకొస్తాడు."