ఎడమకు ఏడు నొక్కులు

"బావా! ఎంత పని చేశావు!"

బావమరిది కేక వేసేసరికే జరగాల్సింది జరిగిపోయింది. రిమోట్ తెర మీద అంకెలన్నీ సున్నాలై కూర్చున్నాయి. పడవల మెకానిక్ బొటనవేలు ఇంకా బటన్ మీదే ఉంది.

బొమ్మ పందెపు పడవ ఏది బల్ల మీదికి వచ్చినా అతను చేసే మొదటి పని అదే. రిమోట్‌లో పాత సర్దుబాట్లన్నీ చెరిపేస్తాడు, చుక్కానిని నడిమధ్యకు తెస్తాడు, అక్కణ్ణుంచి మొదలుపెడతాడు. ఇరవై ఏళ్ళ అలవాటు. ఇవాళ కూడా చెయ్యి తన పని తాను చేసుకుపోయింది, బుర్రను అడగలేదు.

"పొద్దున ఆవిడ ఏం చెప్పి వెళ్ళింది?" అన్నాడు బావమరిది.

చెప్పింది. ఒకటికి రెండుసార్లు చెప్పింది. భర్త పోయి ఏడాదయింది. అటక మీద పడి ఉన్న అతని పడవను దించి తెచ్చింది. "మోటారు తిరిగితే చాలు. రిమోట్‌లో మాత్రం దేన్నీ ముట్టుకోవద్దు. ఆయన చెయ్యి ఇంకా అందులో ఉందో లేదో నేను చూడాలి," అంది. మాట్లాడినంతసేపూ పడవ వంక చూడనే లేదు. చూస్తే ఏడుపొస్తుంది కాబోలు, పాపం అనుకున్నాడు మెకానిక్.

"నిజం చెప్పేద్దాం బావా. తిడితే తిడుతుంది."

"ఏ మొహం పెట్టుకుని చెప్పమంటావురా? మనిషి పోయాక ఆవిడకి మిగిలింది ఆ నాలుగు అంకెలు. వాటిని నా చేత్తో నేనే తుడిచేశాను." మెకానిక్ రిమోట్‌ను బల్ల మీద పెట్టేశాడు. "ఆయన్ని మళ్ళీ చంపినట్టే కదా!"

బావమరిది పడవను అటూ ఇటూ తిప్పి చూశాడు.

మెకానిక్ ఉన్నట్టుండి లేచాడు.

"ఆ పడవ ఎడమకు లాగేది, గుర్తుందా?"

"గుర్తు లేకేం! మలుపు దాటాక వదిలేస్తే ఎడమకు తిరిగి గట్టు మీదున్న ఆవిడ దగ్గరికే పోయేది. పెళ్ళాం చాటు పడవ అని అందరం ఆయన్ని ఏడిపించేవాళ్ళం కాదూ!"

"అదే పెడదాం. మళ్ళీ అలాగే లాగేలా పెడదాం."

"అంటే... దొంగ చెయ్యా?"

"దొంగదో దొరదో, ఆవిడ మనసు కుదుటపడితే చాలు. పద!"

షాపు వెనకే పార్కు చెరువు. మబ్బు పట్టి ఉంది, గట్టు మీద పురుగు లేదు. మెకానిక్ చుక్కాని సర్దే మీటను ఎడమకు మూడుసార్లు నొక్కి పడవను వదిలాడు. తిన్నగానే పోయింది. అయిదు నొక్కాడు. కాస్త వంగింది. ఏడో నొక్కు నొక్కి రిమోట్ మీది చుక్కాని చక్రం మీంచి వేలు తీశాడో లేదో, పడవ ముక్కు తిప్పుకుని గట్టు మీదికి ఉరికింది. అచ్చం ఆయన నడిపినట్టే.

బావమరిది నాలుగడుగులు వెనక్కి వేశాడు. "బావా, ఇది నువ్వు నడుపుతున్నట్టు లేదు."

"నోర్ముయ్," అన్నాడు గానీ మెకానిక్‌కి కూడా ఒళ్ళు జలదరించింది. పోయినవాణ్ణి చెయ్యి పట్టుకుని పిలుచుకొచ్చినట్టు భయం వేసింది.

చెప్పిన వేళకు ఆవిడ వచ్చింది. రిమోట్‌ను రెండు చేతులతో అందుకుంది.

"దేన్నీ ముట్టుకోలేదు కదా బాబూ?"

"లేదమ్మా."

"ఒట్టు?"

"ఒట్టమ్మా. ఆయన ఎలా పెట్టుకున్నారో అలాగే ఉంది."

బావమరిది తల దించుకుని తన చెప్పులు చూసుకున్నాడు.

పడవ నీళ్ళలోకి దిగింది. మోటారు కీచుమంది. ఆవిడకు నడపడం కొత్త కాదు. వేగం తగ్గనివ్వకుండా చెరువు మధ్యదాకా పోనిచ్చి, మలుపు తిప్పి, చక్రం వదిలేసింది. కళ్ళు గట్టిగా మూసుకుంది.

మోటారు చప్పుడు దగ్గరైంది. ఇంకా దగ్గరైంది. ఆవిడ కళ్ళు తెరిచింది. పడవ నురగ చిమ్ముకుంటూ సూటిగా ఆవిడ మీదికే వస్తోంది. ఆవిడ తూలుతూ వెనక్కి జరిగింది. పడవ వచ్చి గట్టుకు కొట్టుకుని, బోర్లాపడి ఆగిపోయింది. నీళ్ళు ఎగిసి ఆవిడ కాళ్ళు తడిశాయి.

"ఆయనే," అంది. కళ్ళ వెంట ధారగా నీళ్ళు.

మెకానిక్ గుండెల మీంచి బరువు దిగింది. కన్నీళ్ళు చూసి అతనికీ కన్నీళ్ళొచ్చాయి. "మిమ్మల్ని వెతుక్కుంటూ వచ్చిందమ్మా. ఎంత ప్రేమో చూడండి!"

ఆవిడ గట్టు మీద కూలబడి తడిసిన బూట్లు, మేజోళ్ళు విప్పింది. రెండు పాదాల నిండా పాత కోతలు, పక్కపక్కనే, వరసగా. ప్రొపెల్లర్ కోతలు ఎలా ఉంటాయో మెకానిక్‌కి ఎవరూ చెప్పనక్కరలేదు.

"ఎవరూ లేనప్పుడు నన్ను నీళ్ళలో నిలబెట్టేవాడు. కదలకూడదనేవాడు," అంది ఆవిడ.

మెకానిక్ పడవను ఎత్తబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఇవాళ పడవ తిన్నగా పోతే, ఆయన నిజంగా పోయినట్టే అనుకుని వచ్చాను బాబూ," అంది ఆవిడ, పడవ మీంచి చూపు తిప్పకుండా. "ఇంకా పోలేదు."