మామగారి పక్కన పంజరం

"అమ్మాయ్, ఇది మళ్లీ తన పెంట తనే తింటోంది," అన్నారు మామగారు, టిఫిన్ ప్లేటు పక్కకు నెట్టేస్తూ.

కోడలు వంటింట్లోంచే జవాబిచ్చింది. "వాటికది మందులాంటిది మామయ్యా. తినకపోతే ఒంటికి పట్టదట."

"ఇంకేం, రేపు డాక్టరు నాకూ అదే రాస్తాడు. పూటకు రెండు."

పంజరంలో ఉన్నవి రెండు గినీ పిగ్స్. పేరు చూస్తే పంది, ఆకారం చూస్తే తోక పోగొట్టుకున్న ఎలుక. ఇంట్లో ముచ్చటపడే పిల్లలు కూడా లేరు. కోడలు ఒకరోజు ఆఫీసు నుంచి వస్తూ వస్తూ వీటిని పట్టుకొచ్చింది, అంతే.

మామగారు రిటైరైన శానిటరీ ఇన్‌స్పెక్టరు. సర్వీసులో ఉన్నప్పుడు హోటలు వంటింట్లోకి ముందు ఆయన ముక్కు వెళ్లేది, వెనక ఆయన వెళ్లేవారు. మూత పెట్టిన గిన్నెలో పాచిపోయిన కూర ఉంటే వీధిలోంచే పసిగట్టేవారు. అలాంటి మనిషికి, భార్య పోయాక, పందికొక్కులతో సహవాసం రాసిపెట్టి ఉంది.

అవి ఇంట్లో ఉండటం ఒక బాధ. ఆయన కుర్చీ పక్కనే ఉండటం అంతకుమించిన బాధ. ఆయన కుర్చీ కిటికీ దగ్గరికి జరుపుకుంటే సాయంత్రానికి పంజరమూ కిటికీ దగ్గరికి చేరేది. బాల్కనీలోకి పారిపోతే అక్కడికీ వచ్చేది. పంజరానికి కోడలు ప్రత్యేకంగా చక్రాలు పెట్టించింది.

"వాటికి మనుషుల తోడు కావాలి మామయ్యా. లేకపోతే బెంగ పెట్టుకుంటాయి."

"మీ ఇద్దరూ మనుషుల్లో జమ కారా?"

"మేం పగలంతా ఆఫీసులో ఉంటాం కదండీ."

ఆదివారం పొద్దున ఆయన కొడుకును ఎదురుగా కూర్చోబెట్టుకున్నారు. పోయిన భార్య అల్లిన గోధుమరంగు స్వెట్టరు గుండీలు మెడదాకా పెట్టుకుని, కేసు విప్పారు.

"తిన్నచోటే పోస్తాయి. పోసినచోటే పడుకుంటాయి. నా కాఫీలో గడ్డిపరక, నా చెప్పులో పెంటిక. ఫ్రిజ్ తలుపు తీస్తే చాలు, రెండూ కలిసి ఈల వేస్తాయి. ఈ ఇంట్లో నేను దొంగతనంగా ఐస్‌క్రీం తినే యోగం కూడా పోయిందిరా."

"మంచి కూడా చెప్పండి మామయ్యా," అంది కోడలు. "కరవవు, మొరగవు, షికారుకు తీసుకెళ్లమనవు. క్యాబేజీ ఆకు వేస్తే కిక్కురుమనకుండా తింటాయి. మీ అబ్బాయి తింటారా?"

"కంపు మాటేమిటి?"

కోడలు మొగుడి వంక చూసింది. కొడుకు ఫ్యాను వంక చూశాడు.

"నాకు అలవాటైపోయింది, నన్నడక్కండి," అన్నారు మామగారు. "వచ్చినవాళ్ల మొహాలు చూడండి. పైఫ్లాటావిడ ఊపిరి బిగబట్టి నాతో మాట్లాడింది. రెండు ముక్కలు మాట్లాడేసరికి పాపం నీలంగా అయిపోయింది. ఊరి మురుగంతా కడిగించినవాణ్ణి, నా పరువేం కావాలి? వచ్చే ఆదివారం నా స్నేహితుడు చదరంగానికి వస్తానన్నాడు. ఎన్నాళ్లకో వస్తున్నాడు. ఈలోపు అవైనా పోవాలి, నేనైనా పోవాలి."

ఉప్పెక్కువైందన్నా, టీవీ సౌండ్ తగ్గించమన్నా ఎదురుచెప్పని కోడలు, ఈ ఒక్క విషయంలో మొండికేసింది.

"కనీసం ఆయన వచ్చి వెళ్లేదాకా ఉంచుదాం మామయ్యా."

"వాడొస్తున్నాడనే కదమ్మా తీసెయ్యమంటున్నాను. నీ తెలివి తెల్లారినట్టే ఉంది."

శనివారం ఆయనే ఫోన్ చేసి, అమ్మిన షాపువాణ్ణి పిలిపించారు. వాడు పంజరం దొర్లించుకుపోతుంటే చేతులు దులుపుకుని, హాలంతా ఫినాయిలుతో రెండుసార్లు తుడిపించారు. అన్ని కిటికీలూ తీయించారు. చాలాకాలం తర్వాత కడుపునిండా తిన్నారు. ఫ్రిజ్ తీసి ఐస్‌క్రీం కూడా తిన్నారు. ఎవరూ ఈల వేయలేదు.

ఆదివారం స్నేహితుడు వచ్చాడు.

"రారా. ఇల్లు చూశావా, అద్దంలా ఉంది," అన్నారు మామగారు, బల్ల మీద పావులు పేరుస్తూ.

స్నేహితుడు ఎదురుగా కూర్చున్నాడు. ఒక ఎత్తు వేశాడు. రెండో ఎత్తుకు కుర్చీ కాస్త వెనక్కి జరిపాడు. మూడో ఎత్తుకు జేబురుమాలు తీసి ముక్కు తుడుచుకున్నట్టు తుడుచుకుని, అక్కడే ఉంచేశాడు.

మామగారి చేయి ఏనుగు మీదే ఆగిపోయింది. పంజరం ఉండే చోటు వంక చూశారు. ఖాళీగా ఉంది.

"ఏరా, ఏమన్నా వాసనొస్తోందా?"

"అబ్బే, అదేం లేదు. అదీ..." స్నేహితుడు నీళ్లు నమిలాడు.

కోడలు కాఫీ కప్పులతో దాదాపు పరుగెత్తుకుంటూ వచ్చింది. "ఏమనుకోకండి బాబాయ్‌గారూ, నిన్నటిదాకా ఇక్కడ గినీ పిగ్స్ ఉండేవి. వాసన గోడలకు పట్టేసింది."

"ఓస్, అదా సంగతి." స్నేహితుడి మొహం విచ్చుకుంది. కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"నే చెప్పలా?" అన్నారు మామగారు, కోడలి వంక విజయగర్వంతో చూస్తూ. "పోయి కూడా పరువు తీస్తున్నాయి, దరిద్రపు పందికొక్కులు."

వంటింట్లో కొడుకు గొంతు తగ్గించి అడిగాడు. "గోడల పేరు ఎన్నాళ్లు చెబుతావు?"

"రేపు కుందేళ్లు తెద్దాం."

"ఇదంతా ఎందుకు, నాన్నకే చెప్పేస్తే పోలా?"

"మీ నాన్నగారే కదా. వెళ్లి చెప్పండి."

కొడుకు గుమ్మం దాకా వెళ్లాడు. హాల్లో ఆట గెలిచిన ఆనందంలో ఆయన స్వెట్టరు చేతిని చెంపకు ఆనించుకుని నవ్వుతున్నారు. కొడుకు వెనక్కి వచ్చేశాడు.

భార్య పోయినప్పటి నుంచి ఆ స్వెట్టరును ఆయన ఒంటి మీద నుంచి తీయలేదు, ఆవిడ చేతివాసన పోతుందని ఒక్కసారి కూడా ఉతకనివ్వలేదు.